నారింజ జెండా వెనకాల

ఫారిన్ అల్లుడికి విదేశాల గురించి తెలియనిది ఒక్కటే: విమానం దిగాక ఊళ్ళోకి ఎలా వెళ్ళాలో. అది తప్ప అన్నీ తెలుసు. అక్కడి చలి ఎముకల్లోకి ఎలా దిగుతుందో తెలుసు, కొళాయి ఎటు తిప్పితే వేడినీళ్ళు వస్తాయో తెలుసు, దుకాణంలో బేరమాడకూడదని తెలుసు, ఆడితే తగ్గిస్తారనీ తెలుసు. అడిగినవాళ్ళకు చెప్పేవాడు, అడగనివాళ్ళను ఆపి మరీ చెప్పేవాడు. అత్తవారి వైపు ఎవరింట్లో నలుగురు చేరినా ఆయన "ఫారిన్‌లో అయితేనా" అని మొదలుపెట్టేవాడు, వినేవాళ్ళు చెప్పులు వెతుక్కునేవాళ్ళు. ఆ పేరు అలా వచ్చింది. ఎదురుగా అల్లుడుగారు, వెనకాల ఫారిన్ అల్లుడు.

ఆయనకు రంగుల దుకాణం ఉంది. గోడలకు వేసే రంగులు. బాగా సరుకు అమ్మిన డీలర్లను కంపెనీవాళ్ళు విమానం ఎక్కించి, విదేశం తిప్పి, మళ్ళీ ఇంటికి దింపుతారు. అలా మూడుసార్లు వెళ్ళొచ్చాడు. నిజం చెప్పాలంటే ఆ అమ్మకాలు ఆయనవి కావు. ఆయన గల్లాపెట్టె దగ్గర ఫ్యాను కింద కూర్చుని పేపరు చదివేవాడు. వెనకాల రంగులు కలిపే యంత్రం దగ్గర నిలబడి, మూతలు బిగించి, "అక్కా, మొన్నటి నీలమే, కాకపోతే కొంచెం నవ్వుతూ ఉండాలి" అనే పెయింటర్లకు ఆ నవ్వే నీలం కలిపి ఇచ్చేది ఆయన భార్య. ఏ షేడు అడిగినా కలిపి ఇస్తుందని పెయింటర్లందరూ ఆమెను షేడక్క అంటారు. సొమ్మొకడిది సోకొకడిది అన్నట్టు, అమ్మకం షేడక్కది, విమానం ఆయనది. కంపెనీవాళ్ళు డీలరుకే టిక్కెట్టు ఇస్తారట, డీలరు భార్యకు ఇవ్వరట. ఇవ్వరో, ఈయన అడగలేదో షేడక్కకు ఇప్పటికీ తెలియదు.

ఆమెకు ఒక అనుమానం మాత్రం ఉండేది. ఆయన తెచ్చిన ఫొటోలన్నింటిలోనూ ఏదో ఒక మూల ఒక జెండా కనిపించేది. బస్సు ముందు జెండా, మేడ ముందు జెండా, ఆఖరికి భోజనాల బల్ల మీద పూలకుండీలో గుచ్చిన జెండా. ఇదేమిటని అడిగితే "గైడు" అన్నాడు. విమానం దిగింది మొదలు మళ్ళీ ఎక్కేదాకా ఈయన చేసిన ఘనకార్యమల్లా ఆ జెండా వెనకాల నడవడమేనని ఆమెకు మెల్లగా అర్థమైంది. అర్థమైనా పైకి అనలేదు. కాపురమన్నాక కొన్ని అనుకోవడానికి, కొన్ని అనడానికి. పిన్ని పెళ్ళి కబురు వచ్చేదాకా దానివల్ల ఎవరికీ నష్టం లేదు కూడా.

పిన్ని అంటే షేడక్క తల్లికి ఆఖరి చెల్లెలు. ఎన్నో ఏళ్ళ కిందట నర్సు పని మీద దేశం దాటి వెళ్ళి, అక్కడే ఒక వృద్ధాశ్రమంలో కుదురుకుంది. పెళ్ళి చేసుకోలేదు. అక్కల పెళ్ళిళ్ళు, వాళ్ళ పురుళ్ళు, వాళ్ళ పిల్లల పెళ్ళిళ్ళు అయ్యేసరికి ఆవిడ వంతు ఎప్పుడు వచ్చిందో ఎప్పుడు పోయిందో ఎవరూ చూసుకోలేదు. పెళ్ళికాని మనిషి ఇంట్లో ఉంటే చుట్టాలకు ఎంత సుఖమో. ఎవరి పెళ్ళయినా సామాన్ల గది తాళంచెవి పిన్ని చేతిలో పెట్టేవాళ్ళు. పెట్టెలు, పాత్రలు, పెట్టుబడి బట్టలు, నగల సంచులు, అన్నిటికీ ఆవిడే కాపలా. షేడక్క పెళ్ళికి పనిగట్టుకుని విమానంలో వచ్చింది. వచ్చినావిడకు వచ్చినట్టే చేతిలో తాళంచెవి పెట్టారు. ఆ పెళ్ళిని పిన్ని మైకులో వింది. అందరూ భోజనాలకు లేచాక షేడక్క వెళ్ళి చూస్తే, గదిలో ట్రంకుపెట్టె మీద కూర్చుని విసనకర్రతో విసురుకుంటూ, "అయిపోయిందా అమ్మడూ? బాగా జరిగిందా?" అని అడిగింది. ఆ మాట షేడక్క మనసులో ముల్లులా ఉండిపోయింది.

అలాంటి పిన్ని యాభై దాటాక పెళ్ళి చేసుకుంటోంది. వరుడు అదే ఆశ్రమంలో వంట చేసే ఆయన. ఆ ఆదివారం ఫోను స్పీకర్లో పెట్టి వింటుంటే రంగుల దుకాణం మొత్తం చెవులు రిక్కించింది.

"అమ్మడూ, ఇక్కడ పెళ్ళంటే రిజిస్ట్రారు ముందు సంతకాలే," అంది పిన్ని. "ఆయన తరఫున ఒకరు, నా తరఫున ఒకరు ఉండాలి. ఆయనకు చెల్లెలుంది. నాకు నువ్వు రావాలే. ఎవరూ రాకపోతే ఆఫీసు మెట్ల మీద పోయేవాళ్ళని ఎవర్నో బతిమాలి సంతకం పెట్టించుకుంటారట. నాకలా వద్దు."

"వస్తాను పిన్నీ. సంతకం నేనే పెడతాను," అంది షేడక్క.

"పొద్దున పదకొండుకి మన వంతు. అది తప్పితే మళ్ళీ ఎన్ని నెలలకో."

"తప్పదు పిన్నీ."

ఈ మాట ఇచ్చింది షేడక్క. నిలబెట్టే బాధ్యత మాత్రం ఫారిన్ అల్లుడు నెత్తిన వేసుకున్నాడు, ఎవరూ వెయ్యకుండానే. షేడక్క తల్లి, ఇంటిల్లిపాదికీ పెద్దావిడ, "ఈ వయసులో దానికి పెళ్ళేమిటి, మెడకో డోలులాగా" అని నెలరోజులు సణిగి, చివరికి "తిట్టడానికైనా ఒకసారి చూసి రావాలి" అని తానూ బయల్దేరింది. మొత్తం ముగ్గురు. ఒకరోజు ముందుగా వెళితే మంచిదని షేడక్క అంటే, "ఒక పూటకి హోటలు దండగ. తెల్లారి దిగుతాం, పదకొండుకి అక్కడుంటాం. ఫారిన్‌లో టైమంటే టైమే" అన్నాడాయన.

ఎయిర్‌పోర్టు నుంచి ఎలా రావాలన్న మాట పిన్నే ఎత్తింది. "నేనొస్తాను అల్లుడుగారూ, తెల్లారేసరికి గుమ్మం దగ్గర ఉంటాను."

"పెళ్ళికూతురు ఎయిర్‌పోర్టు చుట్టూ తిరగడమేంటండీ. నలుగురూ నవ్వుతారు."

"పోనీ మా ఆశ్రమం డ్రైవర్ని పంపిస్తాను. బోర్డు పట్టుకుని నిలబడతాడు."

"బోర్డు మీద మన పేరు రాస్తే ఊళ్ళో దొంగలందరికీ మనం వచ్చామని చాటింపు వేసినట్టే కదండీ."

"అయితే బయట టాక్సీలు వరసగా ఉంటాయి. మా ఇంటి అడ్రసు, ఆఫీసు అడ్రసు రెండూ రాసి ఫొటో తీసి పంపాను. అది చూపించండి చాలు."

"మీరు కంగారుపడకండి. కారు యాప్ నా ఫోన్లో ఉంది. ఇలా నొక్కితే అలా వస్తుంది," అని ఆయన గాలిలో బొటనవేలు నొక్కి చూపించాడు. పిన్నికి అది కనిపించదు కదా, పాపం ఆవిడ నమ్మింది.

షేడక్క తన ఫోను కూడా తెస్తానంది. "ఇద్దరికి రెండు ఫోన్లెందుకు. అది దుకాణంలో ఉంచు, పెయింటర్లు చేస్తారు," అన్నాడు. విదేశాల్లో సిమ్ము పనిచేసే ప్యాక్ ఏదో వేయించుకోమని ఫోన్ల కొట్లో చెప్పారంటే, "అదంతా అమాయకులకి. అక్కడ గాలిలోనే నెట్టు ఉంటుంది," అన్నాడు. మూడుసార్లు వెళ్ళొచ్చిన మనిషి చెబుతుంటే కాదనడానికి ఆమె ఎన్నిసార్లు వెళ్ళింది కనక.

విమానం దిగారు. నేల అద్దంలా ఉంది. పెట్టెలు వచ్చాయి. తోపుడు బండి మీద అన్నీ పేర్చుకుని, పెద్దావిడ చేతిసంచి పైన పెట్టుకుని, ఫారిన్ అల్లుడు దర్జాగా ఫోను తీశాడు. ఇలా నొక్కాడు. అలా ఏదీ రాలేదు. సిగ్నల్ ఉండాల్సిన చోట ఒక గీత, దాని మీద అడ్డంగా ఇంకో గీత. గాలిలో నెట్టు మాత్రం నిజంగానే ఉంది. కాకపోతే అది ఫోను నంబరు అడిగింది. ఇచ్చాడు. ఆ నంబరుకు ఓటీపీ పంపామంది. పంపే ఉంటారు. అది రావలసిన సిమ్ము ఆ ప్యాక్ లేక ఫోన్లోనే గుర్రుపెట్టి నిద్రపోతోంది. ఆయన మళ్ళీ పంపమన్నాడు. మళ్ళీ పంపామంది. ఇలా కాసేపు ఒకరిపట్ల ఒకరు మర్యాద చూపించుకున్నారు.

అప్పుడు పిన్ని పంపిన ఫొటో గుర్తొచ్చింది. ఫోన్లో చోటు చాలడం లేదని దారిలో పాతవన్నీ చెరిపేశాడట, ఇది నెట్టు ఉంటే గానీ మళ్ళీ దిగదట. మసకమసకగా ఏదో చేతిరాత, దాని మధ్యలో గుండ్రంగా తిరుగుతున్న చుక్క. ఆయన ఫోను పైకెత్తాడు, కిందికి దించాడు, స్తంభం చుట్టూ ఒక ప్రదక్షిణ చేశాడు. చుక్క ఆయనతో పాటే తిరిగింది.

"ఫోనే సరైంది కాదు," అన్నాడు చివరికి. ఆడలేక మద్దెల ఓడు అన్న మాట షేడక్క నోటిదాకా వచ్చి వెనక్కి పోయింది.

ఎదురుగా పెద్ద ప్రశ్న గుర్తు వేలాడదీసిన బల్ల ఉంది. వెనకాల ఒకమ్మాయి ఖాళీగా కూర్చుని గోళ్ళు చూసుకుంటోంది.

"ఆ అమ్మాయిని అడుగుదామండీ. పిన్నికి ఒక ఫోను చేయించమంటే చాలు."

"ఆ ప్రశ్న గుర్తు చూశావా? అక్కడికెళ్తే వాళ్ళే మనల్ని ప్రశ్నలడుగుతారు. ఫారిన్‌లో ఎవర్నీ ఏదీ అడక్కూడదు. అడిగితే కొత్తవాళ్ళమని తెలిసిపోతుంది."

"కొత్తవాళ్ళమే కదండీ."

"అది వాళ్ళకి తెలియాలా?"

అద్దాల అవతల పసుపు రంగు కార్లు బారులు తీరి ఉన్నాయి. జనం వెళ్తున్నారు, ఎక్కుతున్నారు, పోతున్నారు. "అవి లోకల్ వాళ్ళకి," అన్నాడు ఆయన. చేత్తో బోర్డులు పట్టుకున్న మనుషులు కమ్మీల వెంట నిలబడి ఉన్నారు. షేడక్క అటు చూడబోతే, "బోర్డుల వైపు చూడకు. చూస్తే మనమే అనుకుని మీద పడతారు," అన్నాడు. ఫోను ఛార్జింగ్ అయిపోవస్తోందని గోడ దగ్గరికి వెళ్ళాడు. ఇక్కడి గోడలకు కన్నాలు వేరే ఆకారం. తీగ పట్టుకుని వెనక్కి వచ్చాడు. కుడితిలో పడ్డ ఎలుకలా ఉంది ఆయన పరిస్థితి, అయినా మీసం మాత్రం తడవనివ్వడం లేదు.

"అల్లుడుగారూ," అంది పెద్దావిడ బండి మీద గడ్డం ఆనించి, "ఇదేనా ఫారిన్?"

సరిగ్గా అప్పుడే ఆయన ముఖం వెలిగింది. హాలు ఆ చివర, జనం తలల మీదుగా, ఒక పొడుగాటి పుల్ల చివర నారింజ రంగు జెండా ఊగుతోంది. దాని కింద ఒకావిడ గట్టిగా ఏదో అరుస్తోంది. చుట్టూ తెల్లజుట్టు దంపతులు, చక్రాల పెట్టెలు. తప్పిపోయిన పిల్లవాడికి తల్లి చీరకొంగు కనిపించినట్టయింది ఫారిన్ అల్లుడికి.

"పదండి," అన్నాడు.

"ఎవరండీ వాళ్ళు?"

"ఫారిన్‌లో పద్ధతే ఇది. జెండా వెనకాల వెళ్ళాలి. ఊళ్ళోకే తీసుకెళ్తారు. అక్కడ దిగి మన దారిన మనం పోదాం."

గొర్రెదాటు అంటే మందలో గొర్రెలకే అనుకున్నాం ఇన్నాళ్ళూ. మందను చూసి బయటి నుంచి వచ్చి కలిసే గొర్రెలు కూడా ఉంటాయని ఇప్పుడే తెలిసింది. జెండా ఆవిడ ఈ ముగ్గురినీ చూసి కళ్ళు చిట్లించి ఏదో అడిగింది. ఆయన "యస్ యస్" అన్నాడు. ఆవిడ ఇంకోటి అడిగింది. ఆయన బొటనవేలు ఎత్తి చూపించాడు. అంత ధీమాగా ఒప్పుకునే మనిషిని ఏ దేశంలోనైనా ఎవరు కాదంటారు? ఆవిడ భుజాలెగరేసి, సంచిలోంచి మూడు నారింజ టోపీలు తీసి ఇచ్చింది. "చూశావా మర్యాద," అంటూ ఆయన టోపీ పెట్టుకున్నాడు. పెద్దావిడకు చలిగా ఉంది కాబట్టి చెవుల మీదకు లాక్కుని మరీ పెట్టుకుంది. షేడక్క కూడా పెట్టుకుంది. పెళ్ళయినప్పటి నుంచి ఆయన ఇచ్చినవి పెట్టుకోవడం అలవాటైపోయింది, అంతే.

టోపీల గుంపు తలలు వంచుకుని, బండ్లు తోసుకుంటూ, బోర్డుల వరస ముందు నుంచి బయటికి వెళ్ళిపోయింది.

బస్సు మెత్తగా ఉంది. పెట్టెలన్నీ కింద డొక్కలో పెట్టి తలుపు వేసేశారు. జెండా ఆవిడ మైకు పట్టుకుని ఏదేదో చెబుతుంటే తెల్లజుట్టు దంపతులు పడీపడీ నవ్వారు. వాళ్ళతో పాటు ఫారిన్ అల్లుడు కూడా నవ్వాడు.

"ఏం చెప్పిందండీ?" అని అడిగింది షేడక్క.

"మామూలే. ఊరి చరిత్ర."

బస్సు ఊళ్ళోకి వెళ్ళడం లేదని ఆమెకు కాసేపట్లోనే తెలిసిపోయింది. ఇళ్ళు పెరగాల్సింది పోయి తగ్గుతున్నాయి. ముందు సీటు పైన గడియారం తొమ్మిది దాటుతోంది. అక్కడెక్కడో ఆఫీసు మెట్ల మీద పిన్ని నిలబడి, దారిన పోయేవాళ్ళ ముఖాల్లోకి చూస్తూ, ఎవరు మంచివాళ్ళలా ఉన్నారా అని వెతుక్కుంటున్నట్టు కళ్ళకు కట్టింది. "ఏమండీ, ఇది ఊళ్ళోకి కాదు," అంది. "చుట్టూ తిప్పి తీసుకెళ్తారు. ఫారిన్‌లో రోడ్లన్నీ గుండ్రంగా ఉంటాయి," అన్నాడు ఆయన, ఆరిపోయిన ఫోను జేబులో పెట్టుకుంటూ.

బస్సు ఆగింది. రేకుల కప్పు వేసిన ఒక పొడుగాటి షెడ్డు. గాజుసామాను తయారుచేసే చోటు. లోపల ఒకాయన గొట్టం ఊదుతూ గాజుబుడగ చేస్తుంటే అందరూ చుట్టూ మూగారు. పక్క గదిలో ఆ గాజుసామానంతా అమ్మకానికి పెట్టారు. ఫారిన్ అల్లుడు ఒక గాజు బాతును తిరగేసి చూస్తున్నాడు. పెద్దావిడ కుర్చీ వెతుక్కుని కూలబడింది. గోడ గడియారంలో పది కావస్తోంది.

షేడక్కకు అప్పుడు వచ్చింది కోపం. మొగుడి మీద కాదు, ముందు తన మీద. ఆడది తప్పిపోతే అడుక్కుని ఇల్లు చేరుతుంది, మగాడు తప్పిపోతే ఇంకో ఊరు చేరి అదే తన ఊరంటాడు. అది తెలిసీ ఈయన వెనకాల ఎందుకు నడిచింది? అడగందే అమ్మైనా పెట్టదు అంటారు. తను దుకాణంలో రోజుకు ఎంతమందిని అడుగుతుంది, ఏ గోడకు, ఎండ తగులుతుందా, పాత సున్నం ఉందా అని. ఎవరూ ఆమెను కొత్తదానివా అనలేదు. టోపీ తీసి కౌంటరు మీద పెట్టి, అక్కడున్న కళ్ళజోడు ఆవిడతో తనకొచ్చిన నాలుగు ఇంగ్లీషు ముక్కలు కూడబలుక్కుని చెప్పింది. బస్సు తప్పు. మేము వాళ్ళం కాదు. మా పిన్నికి పెళ్ళి, పదకొండుకి. ఒక ఫోను చేసుకోవాలి.

కళ్ళజోడు ఆవిడ ఒక్క ప్రశ్నా వెయ్యకుండా ఫోను ఇటు తిప్పింది. నంబరు? షేడక్క ఆగిపోయింది. నంబరు ఆరిపోయిన ఫోనులో ఉంది, దుకాణంలో వదిలేసిన ఫోనులో ఉంది. చివర రెండంకెలు తప్ప ఆమెకు ఏమీ గుర్తురాలేదు.

వెనకనుంచి పెద్దావిడ నంబరు చెప్పడం మొదలుపెట్టింది. ముందు దేశం అంకెలు, తర్వాత మిగతావి, ఎక్కడా తడుముకోకుండా.

షేడక్క తిరిగి చూసింది. "నీకెలా తెలుసమ్మా?"

"వారం వారం నొక్కుతున్నాను, తెలియకేం?"

"నువ్వు పిన్నితో మాట్లాడవు కదా."

"మాట్లాడేదేముంది. తిట్టడానికే చేస్తాను," అంది పెద్దావిడ గాజు బాతుల వంక చూస్తూ. "నువ్వు ముందు నొక్కు."

రెండో రింగుకే పిన్ని ఎత్తింది. షేడక్క గొంతు వినగానే ఆవిడకు ఏడుపొచ్చేసింది. "ఎక్కడున్నారే అమ్మడూ? తెల్లారినప్పటి నుంచి ఎయిర్‌పోర్టులోనే ఉన్నాను. వద్దన్నారు గానీ మనసాగక వచ్చాను. బోర్డు మీద తెలుగులో ఇంతింత అక్షరాలతో రాసుకుని పట్టుకుని నిలబడ్డాను. విమానం వచ్చిందన్నారు, జనమంతా వెళ్ళిపోయారు, మీరు రాలేదు. ఎవరో టోపీల గుంపు మాత్రం నా ముందు నుంచే వెళ్ళింది."

షేడక్క కౌంటరు మీది టోపీ వంక చూసింది. పిల్లాణ్ణి చంకలో పెట్టుకుని ఊరంతా వెతకడం అంటే ఏమిటో పెద్దలు ఊరికే చెప్పలేదు. "ఆ టోపీలు మేమే పిన్నీ," అంది. చెబుతుంటే సిగ్గుతో చెవులు కాలిపోయాయి.

అవతల పిన్ని ముక్కు చీదుకుని, నర్సు గొంతులోకి వచ్చేసింది. "పక్కన ఎవరున్నారో వాళ్ళకి ఫోనివ్వు. నేను ఇటునుంచి ఇటే రైల్లో ఆఫీసుకి వెళ్తాను. మీరూ నేరుగా అక్కడికే రండి."

కళ్ళజోడు ఆవిడా పిన్నీ అక్కడి భాషలో మాట్లాడుకున్నారు. కళ్ళజోడు ఆవిడ ఇంకో నంబరు నొక్కి టాక్సీకి చెప్పింది. అంతే. యాప్ లేదు, ఓటీపీ లేదు. మనిషి మనిషిని అడిగితే కారు వచ్చి గుమ్మంలో ఆగింది.

పెట్టెలు బస్సు డొక్కలోంచి తీయించడానికి మాత్రం ప్రాణం పోయినంత పనైంది. బస్సు డ్రైవరు ఎక్కడో కాఫీ తాగుతున్నాడు. అతణ్ణి వెతికి తెచ్చిన జెండా ఆవిడ, సంగతి తెలిసి, నవ్వాలో తిట్టాలో తెలియక రెండూ చేసింది. ఫారిన్ అల్లుడు కొన్న గాజు బాతు చేత్తో పట్టుకుని వచ్చాడు. "ఎవర్నడిగి టాక్సీ పిలిచావు? మీటరు ఎంతేస్తాడో ఏంటో. ఇంకాసేపట్లో బస్సే ఊళ్ళోకి వెళ్ళేది," అన్నాడు.

"మీరు బస్సులో రండి అయితే," అంది షేడక్క పెట్టె టాక్సీలోకి ఎత్తుతూ.

ఆ మాటతో ఆయన ముందు సీట్లో కూర్చున్నాడు. కొంత దూరం పోయాక వెనక్కి తిరిగి, "ఎలాగైతేనేం, పైసా ఖర్చు లేకుండా అత్తయ్యగారికి ఊరు చూపించాను," అన్నాడు. కింద పడ్డా పైచేయి ఆయనదే. పెద్దావిడ కళ్ళు మూసుకుని ఉంది కాబట్టి ఆ పైచేయి ఎవరికీ కనిపించలేదు. షేడక్క కళ్ళు మాత్రం టాక్సీ గడియారం మీద ఉన్నాయి. పదకొండు దాటింది. మాట తప్పిన మనిషినయ్యానని, పిన్ని జీవితంలో అడిగింది ఈ ఒక్కటేనని తనను తనే తిట్టుకుంది.

పిన్ని ఆఫీసు మెట్ల మీదే ఉంది. లేతనీలం బట్టలు, చంకలో అట్టముక్క బోర్డు. దాని మీద లావుపాటి అక్షరాలతో రాసి ఉంది: అమ్మడూ, ఇక్కడ. పక్కన వరుడు, పొట్టిగా, చేతులు ఎక్కడ పెట్టుకోవాలో తెలియని మనిషి. తమ తర్వాతి జంటను బతిమాలి ముందు పంపించారట. వాళ్ళు లోపల ఉన్నారు, ఇంకో నిమిషంలో వచ్చేస్తారు.

పెద్దావిడ టాక్సీ దిగుతూనే, "ఏమే, ఇంత చలిలో మెడ చుట్టూ ఏమైనా చుట్టుకోవచ్చు కదా," అంది. నెలరోజుల నుంచి దాచుకున్న తిట్లన్నీ ఆ ఒక్కదాంతో అయిపోయాయి.

తలుపు దగ్గర కాపలా అతను చెయ్యి అడ్డం పెట్టాడు. మనుషులు రావచ్చు, పెట్టెలు రాకూడదు. ఇక్కడ పెట్టెలు ఊరికే వదిలినా ఒప్పుకోరు, ఎవరో ఒకరు దగ్గరుండాలి. లోపలి నుంచి పిలుపు వచ్చింది. ఎవరూ ఏమీ అనకముందే పిన్ని బోర్డు కింద పెట్టి, వంగి, పెద్దావిడ చేతిసంచి అందుకుని, పెద్దపెట్టె పిడి పట్టుకుంది. "మీరు పదండి, నేను ఇవి చూస్తుంటాను," అనేసింది. అన్నాక ఆవిడకే గుర్తొచ్చి, పెట్టె పిడి పట్టుకునే అలాగే నిలబడిపోయింది.

షేడక్క పిన్ని చేతిలోంచి పెట్టె తీసుకుంది. సంచి తీసుకుంది. రెండూ తెచ్చి మొగుడి ముందు పెట్టింది.

"మీరుండండి," అంది.

"నేనా? పెళ్ళికి అంతదూరం నుంచి వచ్చి..."

"ఫారిన్‌లో సామాన్లు జాగ్రత్తండీ. మీకు తెలిసినంత మాకెవరికి తెలుసు?"

ఆయన ఏదో అనబోయాడు. పెద్దావిడ అప్పటికే చెల్లెలి చెయ్యి పట్టుకుని లోపలికి నడుస్తోంది.

లోపల గది చిన్నది. ఒక బల్ల, నాలుగు వరసల కుర్చీలు, కిటికీలోంచి ఎండ. వరుడి చెల్లెలు సంతకం పెట్టాక, వధువు తరఫున ఎవరని బల్ల వెనకాయన అడిగితే ఇద్దరు లేచారు. ఒకరు చాలన్నాడు ఆయన. పిన్ని తెలుగులోకి మార్చి చెప్పింది. "ఎలా చాలుతుంది, నేనూ పెడతాను. దాన్ని ఎత్తుకుని పెంచింది నేను," అంది పెద్దావిడ, అప్పటికే కలం తీసుకుని. అదీ పిన్ని అటు మార్చి చెప్పింది, కాకపోతే చివరి ముక్క రెండుసార్లు చెప్పాల్సి వచ్చింది. బల్ల వెనకాయన కాగితంలో ఇంకొంచెం కింద చోటు చూపించాడు. షేడక్క సంతకం చేస్తున్నంతసేపూ పిన్ని ఆమె చేతినే చూస్తూ ఉంది. వంటాయన చేతులు ఎక్కడ పెట్టుకోవాలో చివరికి తెలిసినట్టుంది, పిన్ని భుజం మీద వేశాడు.

బయట నడవలో, అద్దాల తలుపు అవతల, ఫారిన్ అల్లుడు పెద్దపెట్టె మీద కూర్చుని ఉన్నాడు. ఒళ్ళో చేతిసంచి, దాని మీద గాజు బాతు. తల మీద నారింజ టోపీ ఇంకా అలాగే ఉంది, ఎవరూ చెప్పలేదు, ఆయన చూసుకోలేదు. వీళ్ళు బయటికి రాగానే లేచాడు.

"అయిపోయిందా?" అన్నాడు. "బాగా జరిగిందా? అద్దంలోంచి చూద్దామంటే మీ వీపులే కనిపించాయి. ఎవరైనా ఒకరు వచ్చి పిలుస్తారేమో, కాసేపు మార్చుకుంటారేమో అనుకున్నాను."

"సామాన్ల దగ్గర ఉన్నవాళ్ళని ఎవరూ పిలవరండీ," అంది షేడక్క. "కావాలంటే పిన్నిని అడగండి."

ఆయన పిన్ని వంక చూశాడు. అడగలేదు. మెల్లగా టోపీ తీసి, మడిచి, చేతిలో పట్టుకున్నాడు.